ఐదు నిమిషాలకొక అంకె

టీటో బాయెజ్ నా మొదటి ప్రశ్నకు, నేను అడగడం పూర్తి కాకముందే జవాబు చెప్పేశాడు.

"నేనే ఇచ్చా. పొట్లం నాదే. మీ తమ్ముడు నా చేతిలోంచే తీసుకున్నాడు. రాసుకో అక్కా."

ఆదివారం ఉదయం ఎనిమిదీ పది. లాకప్ పక్కన ఉన్న చిన్న గది. నాకు దొరికింది ఇరవై నిమిషాలు. కాపలా ఉన్నవాడు నాతోపాటే ఉద్యోగంలో చేరినవాడు కాబట్టి అదైనా దొరికింది. ఫిలడెల్ఫియా పోలీసుల్లో నేను పదిహేనేళ్లుగా హత్య కేసులు చూస్తున్నాను. కాని ఈ కేసు నాది కాదు. చనిపోయినవాడి పేరు ఎడ్గార్డో కోటో. నా పేరు మిగ్దాలియా కోటో. తమ్ముడి కేసులో అక్క వేలు పెట్టకూడదు. అది రూలు.

ఎడ్గార్డో పోయి పదమూడు రోజులైంది. కెన్సింగ్టన్‌లో టీటో మత్తుమందు అమ్మే వీధి మూల ఇంట్లో, మేడ మీది గదిలో, సోమవారం చనిపోయాడు. రక్తంలో మామూలుగా వీధిలో దొరికే సరుకుతోపాటు పశువుల మత్తుమందు కూడా దొరికింది. ఒకప్పుడు గుర్రాల మత్తు కలిపేవాళ్లు. దానితో జనం చేతులూ కాళ్లూ పుళ్లు పడ్డాయి, ప్రభుత్వం దాన్ని కట్టడి చేసింది. ఇప్పుడు కలిపేది కుక్కలకూ పిల్లులకూ ఇచ్చే మందు. చిటికెడు ఎక్కువైతే గుండె నెమ్మదిస్తూ నెమ్మదిస్తూ పోతుంది. ముక్కులో కొట్టే విరుగుడుతో ఊపిరి తిరిగొస్తుంది గాని మనిషి లేవడు.

మధ్యాహ్నం రెండింటికి టీటోని జడ్జి ముందు పెడతారు. తనే ఇచ్చానని ఒప్పుకుంటాడు. ఫైలు మూసేస్తారు. ఆ తర్వాత ఇంకెవరి కోసమూ ఎవరూ వెతకరు.

"రెండో ప్రశ్న," అన్నాను. "నువ్వు అమ్మేది వీధిలో. కొన్నవాడిని గుమ్మం కూడా తొక్కనివ్వవు. మరి నా తమ్ముడు నీ మేడ మీద ఎందుకున్నాడు?"

టీటో ఈసారి గోళ్లు చూసుకున్నాడు. టియర్నీ సారు నోరు మూసుకోమన్నాడనీ, మూసుకుంటే ఆరేళ్లతో పోతుందని మాటిచ్చాడనీ గొణిగాడు. సార్జెంట్ టియర్నీ మత్తుమందుల దళం మనిషి. ఈ కేసు అతనిది.

నేను కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను.

"ఆరేళ్లు ఎక్కడుంటావో తెలుసా? ఆ జైల్లో ఎడ్గార్డోతో కలిసి చదువుకున్నవాళ్లు పదకొండు మంది ఉన్నారు. వాళ్లందరి అమ్మలూ నాకు తెలుసు. ఇవాళ సాయంత్రం మా ఇంట్లో వాడి ఆత్మశాంతి జపానికి వస్తున్నారు. వాళ్లకి నీ పేరు చెప్పనా, ఇంకొకడి పేరు చెప్పనా?"

టీటో వయసు ఇరవై ఆరు. ఆ క్షణంలో పదహారేళ్లవాడిలా కనిపించాడు.

"డాక్టరని ఒకడు," అన్నాడు. "పేరు తెలీదు, ఒట్టు. మూడు నెలల నుంచి వారం విడిచి వారం సోమవారాలు వస్తున్నాడు. సరుకు వాడినవాళ్లు వాడినట్టే పడిపోతుంటే మా పైవాళ్లు తెచ్చి పెట్టారు. ఎంత కలిపితే పడిపోకుండా ఉంటారో చూడ్డానికి. పొద్దున్న ఊరికే పంచే పొట్లాల కోసం జనం వస్తారు కదా, అందులోంచి ఒకణ్ణి ఏరుకుని పైకి తీసుకెళ్తాడు."

ఎలా ఏరుకుంటాడని అడిగాను. టీటో నవ్వబోయి, నా మొహం చూసి ఆపుకున్నాడు. ఆ మనిషి ఒక బరువు తూచే మిషను తెచ్చేవాడట. ముందు తనొక్కడే దాని మీద ఎక్కేవాడు. తర్వాత ఏరుకున్నవాణ్ణి చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తుకుని మళ్లీ ఎక్కేవాడు. నిలబడమంటే నిలబడే మనుషుల్ని ఎందుకలా ఎత్తుకుంటాడో వీధిలో ఎవరికీ అర్థం కాలేదు. అందరూ నవ్వేవాళ్లు.

"మీ తమ్ముడు కూడా నవ్వాడక్కా," అన్నాడు టీటో.

ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది. నేను లేచి తలుపు తీసుకుని బయటికి వచ్చేశాను. లేకపోతే వాడిని కొట్టేదాన్ని.

* * *

తొమ్మిదిన్నరకి ఆ మేడగదిలో ఉన్నాను. సీలు తెంపాను. అది తప్పే. తెలిసే చేశాను.

గదిలో ఒక పరుపు, ఒక చెక్క కుర్చీ. అంతే. కుర్చీ పరుపుకు మూడడుగుల దూరంలో, పరుపు వైపే తిరిగి ఉంది. దాని కాళ్ల కింద దుమ్ములో గీతలు పడలేదు. అంటే దాన్ని ఒకసారి వేసుకుని, కూర్చున్నవాడు కదలకుండా కూర్చున్నాడు. పక్కన గోడకు, కూర్చున్న మనిషి మోచేతి ఎత్తులో, తెల్లటి టేపు ముక్క అంటించి ఉంది. టేపు ఒక కొస లోపలికి మడిచి ఉంది, గోరుతో సులువుగా పీకడానికి. ఇలాంటి మడత రోజూ టేపు వాడేవాడు వేస్తాడు.

టేపు మీద పెన్నుతో రాసిన అంకెలున్నాయి. పైన 61. దాని కింద 9:50, పక్కన 84. తర్వాత 9:55, 71. అలా ఐదు నిమిషాలకొకటి. 10:05 దగ్గర 47. 10:15 దగ్గర 41. 10:30 దగ్గర 33. చివరిది 10:40, పక్కన 28. దాని కింద ఏమీ లేదు.

శవపరీక్ష కాగితం నాకు కంఠతా వచ్చు. ఎడ్గార్డో బరువు నూట ముప్పై నాలుగు పౌండ్లు. ఈ ఊళ్లో ఎవరూ మనిషి బరువు కిలోల్లో చెప్పరు. కాని పౌండ్లని కిలోల్లోకి మార్చి చూశాను. అరవై ఒకటి.

అప్పుడు కింది అంకెలు వాటంతటవే అర్థమయ్యాయి. అవి గుండె కొట్టుకున్న లెక్క. ఎవడో ఇక్కడ కూర్చుని, నా తమ్ముడి గుండె ఆగిపోతుంటే ఐదు నిమిషాలకొకసారి రాసుకున్నాడు. అందంగా, వరస తప్పకుండా రాసుకున్నాడు.

నేను ఆ కుర్చీలో కూర్చోలేదు. దాని పక్కన నేల మీద కూర్చుని టేపుకు ఫొటో తీశాను.

ఒకటి మాత్రం కుదరలేదు. టేపు 10:40కి ఆగింది. సార్జెంట్ టియర్నీ రిపోర్టు ప్రకారం పోలీసులు గదిలోకి వచ్చింది పన్నెండుంపావుకి. మధ్యలో గంటన్నర పైచిలుకు. శవపరీక్ష చేసిన డాక్టరు ప్రాణం పోయింది పదకొండున్నర ప్రాంతంలో అని రాసింది. అంటే లెక్క రాయడం ఆగిపోయాక కూడా నా తమ్ముడు యాభై నిమిషాలు బతికే ఉన్నాడు.

మెట్ల మీద బరువైన అడుగులు వినిపించాయి. టియర్నీ. ఆరడుగుల మనిషి, ఎర్రటి గడ్డం. చేతిలో కాఫీ కప్పు.

"కోటో," అన్నాడు, "నీ తమ్ముడి గదిలో నీకేం పని?"

"ప్రార్థన చేసుకుంటున్నా."

"సీలు తెంపుకునా?"

"దేవుడు కిటికీలోంచి రాడు కదా సార్జెంట్."

అతను నవ్వలేదు. నా మీద రిపోర్టు రాయగలననీ, ఉద్యోగం పోతుందనీ, మా అమ్మ మొహం చూసి ఊరుకుంటున్నాననీ మెల్లగా, తాపీగా చెప్పాడు. అతను అరిచే మనిషి కాదు. జాలిపడే మనిషి. అది ఇంకా కష్టంగా ఉంటుంది. నేను టేపు చూపించి ఇదేమిటని అడిగాను.

"పొట్లాల లెక్క. ఎన్ని అమ్మాడో, ఎన్ని మిగిలాయో."

"టైముతో సహానా?"

"టీటో పద్ధతైన మనిషి," అన్నాడు టియర్నీ. "చూడమ్మాయ్, రెండింటికల్లా వాడు ఒప్పుకుంటాడు. నీ తమ్ముణ్ణి చంపినవాడు లోపలికి పోతాడు. నీకు ఇంకేం కావాలి?"

"చంపినవాడు."

అతను కాఫీ ఒక గుక్క తాగి, తలుపు పక్కకు తప్పుకుని నిలబడ్డాడు, నేను వెళ్లాలని. మెట్లు దిగుతుంటే వెనక నుంచి మళ్లీ పిలిచాడు. ఇంటికి వెళ్లమన్నాడు. తొమ్మిదో రోజు కదా, అమ్మ దగ్గర ఉండమన్నాడు.

మట్టి చేసిన రోజు నుంచి మా ఇంట్లో రోజూ జపం జరుగుతోందనీ, ఇవాళ తొమ్మిదోది, చివరిదనీ నేను అతనికి చెప్పలేదు. కాని ఈ పేటలో అందరికీ అందరి చావులూ తెలుసు. నేను దాని గురించి ఆలోచించలేదు. నా బుర్రలో వేరే సంగతి తిరుగుతోంది.

బరువు కిలోల్లో చూసేవాళ్లు, గుండె లెక్క రాసేవాళ్లు ఆస్పత్రుల్లో ఉంటారు. ఈ ఊళ్లో ఆస్పత్రులు ఎన్నో. కాని ఆస్పత్రివాళ్లెవరూ మనిషిని ఎత్తుకుని తూకం ఎక్కరు. ఇంకొకటి కూడా ఉంది. శవాగారంలో గుడ్డ తొలగించినప్పుడు తమ్ముడి కళ్లు చూశాను. నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. చనిపోయినవాడి కళ్లు మెరవవు, మసకబారతాయి. నేను చాలామందిని చూశాను. శవపరీక్ష కాగితంలో కూడా ఆ మాట ఉంది, కళ్లలో జిడ్డు పదార్థం అని. టియర్నీ దాన్ని మురికి అని కొట్టేశాడు.

అలాంటి మెరిసే కళ్లు ఈ మధ్యే ఎక్కడో చూశాను. కారు స్టార్టు చేశాక గుర్తొచ్చింది. మా అమ్మ పిల్లి.

* * *

వంటింట్లో అమ్మ సాయంత్రం వచ్చేవాళ్ల కోసం కందులు వేసి అన్నం వండుతోంది. చుట్టుపక్కల వాళ్లందరూ దోన్యా ఎనెయిదా అని గౌరవంగా పిలిచే మనిషి. నన్ను చూసి గరిటె పక్కన పెట్టింది.

"పేరు తెచ్చావా?"

"సాయంత్రానికి తెస్తానమ్మా."

"ఎనిమిది రోజులు వాడి ఆత్మ గురించి దేవుడికి చెప్పుకున్నా. ఇవాళొక్కరోజు ఇంకొకడి గురించి చెప్పుకోవాలే. పేరు లేకుండా ఎట్లా చెప్పను? ఎర్ర చొక్కావాడు, నల్ల టోపీవాడు అని చెప్పనా? ఆయనకి బోలెడు మంది ఉంటారు."

నేను వెనక వసారాలోకి వెళ్లాను. అమ్మ వీధి పిల్లులకి అన్నం పెడుతుంది. మూడు వారాల కింద ఆదివారం ఒక బూడిద రంగు పిల్లిని బుట్టలో పెట్టి చర్చి కింది హాలుకు తీసుకెళ్లాను. అక్కడ ఆదివారాలు వీధి పిల్లులకి ఊరికే ఆపరేషన్లు చేస్తారు. పిల్లి తిరిగొచ్చినప్పుడు కళ్లు తెరిచే నిద్రపోతోంది. కళ్లు తళతళలాడుతున్నాయి. ఆ మత్తులో రెప్ప వాలదనీ, కళ్లు ఎండిపోకుండా జిడ్డు మందు పెట్టామనీ అక్కడి మనిషి చెప్పాడు. దాన్ని తన బిడ్డలా రెండు చేతులా పట్టుకుని అందించాడు. తూకం మీద నిలబడని జంతువుని ఇలాగే ఎత్తుకుని ఎక్కి, తమ బరువు తీసేసి లెక్క కడతారు.

బుట్ట మూత మీద టేపు ఇంకా ఉంది. బరువు, టైము, పేరు. 3.7. 11:17. టేపు కొస లోపలికి మడిచి ఉంది. ఏడంకె నడుం మీద అడ్డగీత. ఒకటంకె తల మీద ఇంటి కప్పులాంటి గీత. ఫోను తీసి ఫొటో పక్కన పెట్టుకున్నాను. 71. 47. 41. 61.

అదే చెయ్యి.

పోలండ్ నుంచి వచ్చినవాళ్లు ఏడు అలా రాస్తారు. ఆ మనిషి పేరు కూడా గుర్తుంది. జెనాన్ పిలార్‌స్కీ. చర్చిలో ఆడవాళ్లు అతన్ని మెచ్చుకోని ఆదివారం లేదు.

అమ్మకి ఏమీ చెప్పలేదు. పేరు చెబితే నాకంటే ముందు తనే వెళ్తుంది.

* * *

పదకొండూ ఐదు. పైన పెద్ద ప్రార్థన మొదలైంది, కింది హాలుకు పాట సన్నగా వినిపిస్తోంది. బల్ల మీద వరసగా నాలుగు పిల్లులు మత్తులో పడుకుని ఉన్నాయి. అన్నీ కుడి పక్కకు తిరిగి, మెడ చాచి ఉన్నాయి. నాలుకలు పక్కకు లాగి ఉన్నాయి, గొంతుకు అడ్డం పడకుండా. నా తమ్ముణ్ణి కూడా సరిగ్గా ఇలాగే పడుకోబెట్టారు. ఫొటోల్లో చూశాను.

సాయానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లను పైకి పంపేశాను. జెనాన్ ఒక్కడే మిగిలాడు. యాభై ఏళ్లుంటాయి, పల్చటి జుట్టు, పొడుగాటి వేళ్లు. ఫోను అతని ముందు పెట్టాను. అతను చూడలేదు. రెండు వేళ్లు పిల్లి తొడ లోపల ఆనించి, గడియారం చూస్తూ నిమిషం లెక్కపెట్టి, ప్యాంటు తొడ మీద అంటించుకున్న టేపు మీద రాసుకున్నాడు. ఆ తర్వాత ఫొటో చూశాడు.

"ఆ ఏడు నాదే," అన్నాడు. "కూర్చోమ్మా."

నేను కూర్చోలేదు. ట్రేలో నింపి పెట్టిన సిరంజి ఉంది. తీసుకున్నాను.

"నీ బరువెంత జెనాన్?"

అతని మొహం పాలిపోయింది.

"కిలోల్లో చెప్పు. నాకిప్పుడు కిలోలు బాగా వచ్చు."

"ఎనభై రెండు," అన్నాడు.

సిరంజి నా చేతిలో ఉండగానే అతను మాట్లాడాడు. ఏటి అవతల పశువుల ఆస్పత్రిలో పంతొమ్మిదేళ్ల ఉద్యోగం. కూతురికి ఈ సరుకు అలవాటైంది. పోయిన శీతాకాలం ఆమె పడిపోయింది. ప్రతి పొట్లంలో ఎంత కలుపుతారో కలిపేవాడికే తెలియకపోతే జనం ఇలాగే చస్తారని టీటో పైవాళ్ల దగ్గరికి తనే వెళ్లి చెప్పాడట. వాళ్లు అయితే నువ్వే చూడు అన్నారు. ఆరుగురు లేచి నడిచి వెళ్లారు. ఏడోవాడు ఎడ్గార్డో.

"చంపడానికి కాదమ్మా. చావకుండా ఎంత పడుతుందో చూద్దామని."

"పిల్లుల మీద ఎవరో ఎప్పుడో చూశారు కదా. మనుషుల మీద నువ్వు చూశావు."

అతను తల దించుకున్నాడు.

"ఈ మత్తుకు వేరే విరుగుడు ఉంది కదా. పిల్లికి ఇస్తావు, అది లేచి కూర్చుంటుంది. ఆ రోజు నీ సంచీలో ఉందా?"

"ఉంది."

"ఎందుకివ్వలేదు?"

"అది మనుషులకి ఇచ్చే మందు కాదమ్మా. ఏమవుతుందో తెలీదు."

"మరి ఆ మత్తు మనుషులకి ఇచ్చే మందా?"

పైన పాట ఆగింది. నా బొటనవేలు సిరంజి మీద ఉంది. పదమూడు రోజులుగా నేను కోరుకున్నది ఇదే. ఇలాంటి గది, నా ఎదురుగా ఆ మనిషి. అతని మెడ మీద నరం కొట్టుకోవడం నాకు కనిపిస్తోంది.

"ఇరవై ఎనిమిదికి వచ్చేసరికి నాకు భయమేసింది," అన్నాడు జెనాన్. "ముక్కులో మందు అప్పటికే రెండుసార్లు కొట్టాను. ఊపిరి బాగానే ఆడుతోంది, గుండే లేవట్లేదు. కళ్లలో మందు పెట్టి కిందికి పరిగెత్తాను. అతని ఫోన్లోంచే అంబులెన్సుకి ఫోన్ చేసి, ఫోను గుమ్మంలో పడేశాను. బస్సు స్టాపులో నిలబడి చూశాను. వచ్చింది. వచ్చిందమ్మా. నేను కళ్లారా చూశాను."

"అబద్ధం. ఆ రోజు పన్నెండున్నర దాకా అంబులెన్సు రాలేదు."

"వచ్చింది. రోడ్డవతల బూడిద రంగు వ్యాను ఒకటి ఆగి ఉంది, పొద్దుట్నుంచీ ఉంది. అందులోంచి ఒకాయన దిగి అంబులెన్సువాళ్లకి ఏదో చూపించాడు. చెయ్యి ఇట్లా ఊపాడు. వెళ్లిపోయారు. లోపలికి ఎవరో డాక్టరు వెళ్లుంటాడు, అక్కర్లేదేమో అనుకున్నా. ఇంటికెళ్లిపోయా. మర్నాడు పేపర్లో చూశాను."

"ఎలా ఉంటాడు ఆయన?"

"పొడుగ్గా. గడ్డం ఉంది. ఎర్రగా."

సిరంజి ట్రేలో పెట్టేశాను. ఇంక దాన్ని నా చేతిలో ఉంచుకునే ధైర్యం లేదు. కంట్రోల్ రూముకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. నా నెంబరు చెప్పి, ఆ సోమవారం ఉదయం ఆ ఇంటి నుంచి వచ్చిన కాల్స్ అన్నీ చదవమన్నాను. అవతలి అమ్మాయి నమలడం ఆపి, కీబోర్డు కొట్టడం మొదలుపెట్టింది.

జెనాన్ అలవాటు చొప్పున రెండో పిల్లి దగ్గరికి జరిగి గుండె లెక్కపెట్టాడు. నేను అడ్డుపడలేదు.

"దొరికిందండీ," అంది ఆ అమ్మాయి. "10:43కి కాల్. మగ గొంతు, పేరు చెప్పలేదు. ఊపిరి ఉంది, గుండె చాలా మెల్లగా ఉంది అన్నాడు. 10:52కి అంబులెన్సు గుమ్మంలో ఉంది. 10:54కి వెనక్కి పంపించేశారు. లోపల పేషెంటు ఎవరూ లేరు, నిఘా నడుస్తోంది, వెళ్లిపొమ్మని అక్కడున్న ఆఫీసరు చెప్పారట. బ్యాడ్జి నెంబరు కావాలా?"

"చదవండి."

"నాలుగు, ఒకటి, తొమ్మిది, ఆరు."

మెట్ల మీద ఎవరో ఆగారు. నేను తల తిప్పాను. సార్జెంట్ టియర్నీ కింది మెట్టు మీద నిలబడి ఉన్నాడు. మేడగది దగ్గర్నుంచీ నా వెనకే వచ్చుంటాడు, ఎంతసేపటి నుంచి అక్కడున్నాడో తెలీదు. నడుముకు బెల్టు మీద బ్యాడ్జి ఉంది. నేను దాని మీది అంకెలు చదవలేదు. అతను దాని మీద చెయ్యి పెట్టి కప్పుకున్నాడు, అది చాలు.

"మూడు వారాలుగా ఆ ఇంటి మీద కళ్లు పెట్టుకుని కూర్చున్నా," అన్నాడు. గొంతులో ఎప్పుడూ ఉండే జాలి లేదు. "పెద్ద సరుకు ఆ రోజే దిగాలి. అంబులెన్సు లైట్లు చూస్తే ఎవడొస్తాడు? మత్తుగా పడుకున్నవాడు ఎవడో ఒకడు అనుకున్నా. అది నీ తమ్ముడని నాకు తెలీదు కోటో."

"ఎవరి తమ్ముడైతే వెనక్కి పంపొచ్చు సార్జెంట్?"

అతను నాకేసి చూశాడు. జెనాన్ కేసి చూశాడు. ఇద్దరం సాక్షులం. మూడోది ఆ టేపు, అది ఇంకా గోడకే ఉంది, ఆ గది తాళం అతని దగ్గరే ఉంది. ఇదంతా అతను లెక్కేసుకోవడం అతని కళ్లలో కనిపించింది. హాల్లోకి ఒక్క అడుగు వేసి, తన వెనక మెట్ల దగ్గరి తలుపు మూశాడు. మేం చూస్తుండగానే గొళ్లెం పెట్టాడు. పైన మళ్లీ పాట అందుకున్నారు, ఈసారి అందరూ కలిసి, గట్టిగా. ఇక్కడ ఏం జరిగినా పైకి వినపడదు.

అతని చెయ్యి బ్యాడ్జి మీంచి జారి తుపాకీ దగ్గర ఆగింది.

"హలో?" అంది ఫోన్లో అమ్మాయి. "ఇంకేమైనా కావాలా అండీ? పెట్టేయనా?"

"పెట్టొద్దు," అన్నాను, టియర్నీ మొహంలోకే చూస్తూ. "లైను రికార్డవుతోంది కదా. ఇప్పుడు సార్జెంట్ మాట్లాడతారు."